డాక్టర్ గారూ, "పాలు పడతాయా" అని ఒక్కసారి అడగండి

ఎముకల డాక్టర్లకి, జనరల్ ఫిజిషియన్లకి, డైటీషియన్లకి, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రోజూ ఎంతోమంది పెద్దవాళ్ళకి "పాలు తాగండమ్మా" అని చెప్పే అందరికీ,

నమస్కారం అండి.

నేను డాక్టర్‌ని కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, అమ్మా నాన్న తెనాలిలో ఉంటారు. ఈ లెటర్ ఎవరి మీదా కంప్లైంట్ కాదు, ఏ డాక్టర్ పేరూ ఏ హాస్పిటల్ పేరూ ఇందులో రాయను. మా అమ్మ రెండున్నరేళ్ళు పడిన బాధ ఇంకో అమ్మ పడకూడదని రాస్తున్నాను, ఎందుకంటే ఆ బాధ ఆపడానికి కావలసింది మందో ఆపరేషనో కాదు, ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి పది సెకన్లు చాలు.

2021లో అమ్మ బాత్రూంలో జారి పడి మణికట్టు విరిగింది. అప్పటికి ఆవిడకి 61. కట్టు కట్టారు, తర్వాత బోన్ డెన్సిటీ టెస్ట్ చేయించారు, ఎముకలు పల్చబడ్డాయి అన్నారు. "పాలు తాగవా అమ్మా?" అని అడిగారు డాక్టర్ గారు. అమ్మ నిజమే చెప్పింది, చిన్నప్పటి నుంచీ గ్లాసుడు పాలు తాగే అలవాటు లేదండి, పొద్దున ఒక కాఫీ, రెండు పూటలా పెరుగన్నం, అంతే అని. "అదే మరి, అందుకే ఎముకలు ఇలా అయ్యాయి, రోజుకి రెండు గ్లాసులు తాగండి" అన్నారు ఆయన. చేతిలో ఇంగ్లీషులో ప్రింట్ చేసిన డైట్ చార్ట్ పెట్టారు, అందులో పొద్దున ఆరున్నరకి పాలు, రాత్రి పడుకునే ముందు పాలు. అమ్మ డాక్టర్ మాట దాటే మనిషి కాదు. ఇంటికి రాగానే పాలాయనకి రోజుకి అర లీటరు గేదె పాలు ఎక్కువ పొయ్యమని చెప్పింది.

అక్కడి నుంచి మొదలైంది. పొద్దున పాలు తాగిన గంట గంటన్నరకి కడుపు ఉబ్బిపోయేది, లోపల గుడగుడమని చప్పుడు, పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేది, తర్వాత రెండు మూడు సార్లు పరుగున వెళ్ళాల్సి వచ్చేది. రాత్రి పాలు తాగితే అర్ధరాత్రి అదే గోల. ఇదంతా మాకెవ్వరికీ చెప్పలేదు. నాన్నకి కూడా సగం సగం చెప్పింది. చల్లకొచ్చి ముంత దాచడం అంటారు కదా, హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడు కూడా అంతే, చెయ్యి నొప్పి గురించి చెప్పేది, మోకాళ్ళ గురించి చెప్పేది, అసలు బాధ మాత్రం "కాస్త గ్యాస్ అండి" అన్న ఒక్క మాటలో దాచేసేది. అరవై దాటిన ఆడమనిషి మగ డాక్టర్ ముందు, వెనకాల ఇంకో పదిమంది పేషెంట్లు నిలబడి వింటుండగా, నాకు రోజుకి ఇన్నిసార్లు విరేచనం అవుతోందని ఎలా చెప్తుంది చెప్పండి. మీరు "ఆ, గ్యాస్ ఉందా" అని ఒక మాత్ర రాసేవారు. అలా ఒకటి తర్వాత ఒకటి మూడు రకాల గ్యాస్ ట్యాబ్లెట్లు వాడింది.

నెమ్మదిగా అమ్మ బస్సెక్కడం మానేసింది. దారిలో బాత్రూం ఉండదని భయం. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. మా అబ్బాయి అన్నప్రాశనకి హైదరాబాద్ రాలేదు, ఒంట్లో బాలేదు అంది, నేను కోపం తెచ్చుకుని రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు. కొలనోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు. టెన్షన్ వల్ల పేగులు అలా అవుతాయి, ఐబీఎస్ అంటారు, మనసు ప్రశాంతంగా పెట్టుకోండి అన్నారు. అమ్మ ప్రశాంతంగా ఎలా ఉంటుంది, తనకి క్యాన్సర్ వచ్చిందని, మేము తెలిసీ దాస్తున్నామని లోపల్లోపల అనుకుంటూ ఉంది. "పసిపిల్లలకి అరిగే పాలు కూడా నాకు అరగట్లేదంటే నా ఒంట్లో పెద్దదేదో ఉందే" అని తర్వాత ఎప్పుడో నాతో అంది. అయినా పాలు మానలేదు, ఎందుకంటే పాలు మానితే మళ్ళీ ఎముక విరుగుతుందని భయం.

2024 మొదట్లో ఇంకో చోటికి తీసుకెళ్ళాను. పెద్ద డాక్టర్ గారు లేరు, పీజీ చదువుతున్న ఒక అమ్మాయి చూసింది. నన్ను బయట కూర్చోమంది, అమ్మ ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టుకుని "అమ్మా, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తింటారు, ఏమేం తాగుతారు, ఒక్కొక్కటే చెప్పండి, నాకు తొందర లేదు" అందట. మొదటి ఐటెం పాలే కదా. "పాలు మీకు పడతాయా?" అని అడిగిందట. రెండున్నరేళ్ళలో ఎన్ని ఓపీ చీటీలు, ఎన్ని స్కానింగులు, ఆ ప్రశ్న అడిగింది ఆ అమ్మాయి ఒక్కతే. రెండు వారాలు పాలు పూర్తిగా ఆపి పెరుగు మాత్రం తినమంది. నాలుగో రోజుకి కడుపు తేలికపడింది. రెండు వారాలయ్యాక మళ్ళీ ఒక గ్లాసు తాగి చూడమంటే తాగింది, గంటలో మళ్ళీ అదే. తర్వాత ఊపిరిని పరీక్షించే బ్రీత్ టెస్ట్ కూడా చేశారు, లాక్టోజ్ అరగట్లేదని కన్ఫర్మ్ అయింది.

మీకు తెలియనిది కాదు, కానీ ఈ లెటర్ మామూలు జనం కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నాను. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. 100 మిల్లీలీటర్ల పాలలో అది దాదాపు 5 గ్రాములు ఉంటుంది. దాన్ని అరిగించాలంటే చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. తల్లిపాలు తాగే వయసులో అది పుష్కలంగా ఉంటుంది, పాలు మాన్పించాక కొన్నేళ్ళకి చాలామందిలో తగ్గిపోతూ వస్తుంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే పెద్దవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి అది తక్కువే. అంటే తగ్గడమే మామూలు, పెద్దయ్యాక కూడా తగ్గకుండా ఉండటం ఉత్తర యూరప్ వాళ్ళలోనూ, పశువులు కాచుకుని బతికిన కొన్ని జాతుల్లోనూ జన్యువుల్లో వచ్చిన ఒక మార్పు. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి పోయి నీళ్ళు లాగుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారు చేస్తుంది. మా అమ్మకి జరిగింది అంతే. జబ్బు కాదు, టెన్షనూ కాదు, ఒంటి తీరు అది. మా నాన్నకి 70 దాటాయి, రోజూ రాత్రి పెద్ద గ్లాసు నిండా పాలు తాగి హాయిగా నిద్రపోతారు, ఒక్కరోజు కూడా తేడా చెయ్యలేదు. ఒకే ఇల్లు, ఒకే గేదె పాలు.

మనవైపు ఇది తక్కువేమీ కాదు. 1981లోనే మన దేశంలో ఉత్తరాది, దక్షిణాది వాళ్ళని పోల్చి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది, అందులో ఢిల్లీలో నూటికి 27 మందికి లాక్టోజ్ పడకపోతే దక్షిణాదిలో మూడింట రెండు వంతుల మందికి పడలేదు. అంటే మీ ఓపీలో బయట బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉంటే అందులో ఇద్దరికి ఇది ఉండొచ్చు. మరి ఎందుకు అడగరు? నాకు అనిపించేది ఏంటంటే మనకి పాల మీద అనుమానం రాదు. కొత్తింట్లో పాలు పొంగిస్తాం, శివుడికి పాలతో అభిషేకం చేస్తాం, నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం, బాలింతకీ పాలే, రోగికీ పాలే. వంకాయ పడదు, చేపలు పడవు, గోంగూర వేడి అని మా అమ్మ చాలాసార్లు చెప్పింది, పాలు పడవు అన్న ఆలోచన ఆవిడకే రాలేదు. మీరూ మాలాంటి ఇళ్ళల్లోనే పెరిగారు కాబట్టి మీకూ రాలేదేమో.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. లాక్టోజ్ అరగనివాళ్ళందరూ పాల చుక్క ముట్టకూడదని కాదు. చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల దాకా, అంటే ఒక గ్లాసు పాలలో ఉండేంత, అదీ అన్నం టిఫిన్‌తో పాటు అయితే పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారని 2010లో అమెరికాలో నిపుణులు కూర్చుని తేల్చారు. మా అమ్మ విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు చూడండి. అరవై ఏళ్ళూ కాఫీలో కాసిని పాలు, రెండు పూటలా పెరుగు. తోడు వేసినప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని తినేస్తుంది, మిగిలిన దాన్ని అరిగించడానికి కూడా ఆ బ్యాక్టీరియా దగ్గరున్న ఎంజైమ్ మనకి పేగులో సాయం చేస్తుంది, అందుకే పెరుగు పడింది. మజ్జిగ అయితే నీళ్ళు కూడా కలుస్తాయి, ఇంకా తేలిక. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే లెక్క. ఆవిడ ఒళ్ళు తనకేది పడుతుందో దాన్నే ఇన్నేళ్ళూ ఎంచుకుంది. మనం ఆ అలవాటుని తప్పు పట్టి, పరగడుపున పావు లీటరు, రాత్రి పావు లీటరు, మొత్తం రోజుకి 25 గ్రాముల లాక్టోజ్ ఉన్నట్టుండి ఆవిడ మీద వేశాం. నేను కూడా వేశాను, ఫోన్ చేసినప్పుడల్లా "పాలు తాగావా అమ్మా" అని అడిగేదాన్ని.

కడుపు ఉబ్బరం ఒక్కటే అయితే ఇంత పెద్ద లెటర్ రాసేదాన్ని కాదేమో. దాని వెనక వచ్చినవి చూడండి. పాల వల్ల గ్యాస్, గ్యాస్‌కి రోజూ పరగడుపున ఆసిడ్ తగ్గించే పీపీఐ రకం మాత్ర, రెండేళ్ళ పైన. ఆ రకం మాత్రలు ఎక్కువ డోసులో గానీ ఏడాదికి పైగా గానీ వాడేవాళ్ళలో తుంటి, మణికట్టు, వెన్నుపూస విరిగే రిస్క్ పెరగొచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. ఎముక గట్టిపడాలని పాలు తాగిస్తే, ఆ పాల కోసం వేసుకున్న మాత్ర ఎముక మీదకే వచ్చింది. ఇంకొకటి, అమ్మకి థైరాయిడ్ ఉంది. పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర, రెండూ కలిపి పాలతో మింగేది, ఎందుకంటే చీటీలో రెండింటికీ పొద్దున అని టిక్ పెట్టి ఉంది, పాలతో వేసుకుంటే మంచిదని అందరూ అంటారు. థైరాయిడ్ మందు పాలతో, కాల్షియంతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు, కాల్షియం మాత్రకీ దానికీ నాలుగు గంటల తేడా ఉండాలని మాకెవరూ చెప్పలేదు. థైరాయిడ్ టెస్ట్‌లో టీఎస్‌హెచ్ పెరిగింది, అంటే మందు చాలట్లేదని థైరాయిడ్ మాత్ర డోసు 50 నుంచి 75 చేశారు. ఐరన్ మాత్రలు కూడా పాలతో వేసుకోకూడదు, కొన్ని యాంటీబయాటిక్స్ కూడా. మా ఊళ్ళో సగం మంది ఏ మాత్రైనా పాలతోనే మింగుతారండీ, అదేదో మాత్రకి బలం అనుకుంటారు. ఇది మీకు మెడికల్ కాలేజీలో చెప్పిన పాఠమే, మా దాకా రావట్లేదు.

పాలు అనవసరం అని నేను అనట్లేదు. దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. పాలు పడేవాళ్ళకి అంత చవగ్గా, అంత తేలిగ్గా కాల్షియం, ప్రోటీన్ ఇచ్చేవి ఎన్నో లేవు. ఆస్ట్రేలియాలో 60 వృద్ధాశ్రమాల్లో ఏడు వేల మంది పెద్దవాళ్ళతో రెండేళ్ళు చేసిన పరిశోధన 2021లో వచ్చింది, సగం ఆశ్రమాల్లో పాలు పెరుగు చీజ్ పెంచి పెట్టారు, అక్కడ ఎముకలు విరగడం మూడింట ఒక వంతు తగ్గింది. అది చిన్న విషయం కాదు. కానీ వాళ్ళు అంతకుముందు కాల్షియం చాలా తక్కువ తింటున్నవాళ్ళు, పైగా పెట్టింది ఒట్టి పాలే కాదు, పెరుగు, చీజ్ కూడా. అదే 2014లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధనలో రోజుకి మూడు గ్లాసులు, అంతకంటే ఎక్కువ పాలు తాగే ఆడవాళ్ళలో ఎముకలు విరగడం తగ్గలేదు సరికదా ఎక్కువ కనిపించింది, పెరుగు చీజ్ లాంటివి తినేవాళ్ళలో మాత్రం తక్కువ ఉంది. అది ఊరికే అలవాట్లు గమనించి రాసిన పరిశోధన, పాల వల్లే అని అది తేల్చదు, చేసినవాళ్ళే జాగ్రత్తగా చూడమన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఏంటంటే పెద్దవాళ్ళకి గ్లాసుడు పాలే దిక్కు అనేమీ లేదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా రోజుకి 300 మిల్లీలీటర్లు పాలు లేదా పెరుగు అనే ఉంది. ఆ "లేదా పెరుగు" అన్న రెండు మాటలు అమ్మ చేతికొచ్చిన చార్టులో లేవు.

ఆ రెండు మాటలే ఉండుంటే చాలు. పెరుగులో కాల్షియం పాలలో ఉన్నంతా ఉంటుంది, తోడు వేస్తే ఎక్కడికీ పోదు. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటోంది ఆ సంస్థే. ఇప్పుడు అమ్మ మూడు పూటలా పెరుగో మజ్జిగో తీసుకుంటోంది, పొద్దున రాగి జావలో మజ్జిగ కలుపుకుని తాగుతోంది, 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది కొంచెం తక్కువే అయినా ఏమీ లేనిదానికంటే నయం కదా. మునగాకు పప్పు, కూరల్లో నువ్వుల పొడి. తినేవాళ్ళయితే ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు, ఎండు మెత్తళ్ళు ఉండనే ఉన్నాయి. విటమిన్ డి చూస్తే 11 ఉంది, తక్కువే, దానికి వేరే మందు ఇచ్చారు. మేం కొనే గేదె పాలలో విటమిన్ డి పెద్దగా ఉండదు, కొన్ని ప్యాకెట్ పాలలో కలుపుతారు, దానికి ప్యాకెట్ మీద నీలం రంగు గుర్తు ఉంటుంది, అది కూడా ఎవరో చెప్తేనే కదా తెలిసేది. పాలే కావాలనుకుంటే లాక్టోజ్ తీసేసిన పాలు కూడా దొరుకుతున్నాయి, కాకపోతే రేటు ఎక్కువ.

మీరు చెప్పకపోతే వేరేవాళ్ళు చెప్తారు, అదే నా భయం. అమ్మకి బాలేదని తెలిసి ఒక బంధువు ఏ2 పాలు తాగించమన్నారు, దేశవాళీ ఆవు పాలని చెప్పి మామూలు రేటుకి రెట్టింపు పెట్టి రెండు నెలలు కొన్నాం. ఏ2 అన్నది ప్రోటీన్ సంగతి, లాక్టోజ్ వాటిలోనూ అంతే ఉంటుంది. అసలు మేం ఎప్పుడూ కొనే గేదె పాలు కూడా ఏ2 రకమేనని తర్వాత తెలిసింది. ఇంకొకరు పాలలో కలిపే పౌడర్ డబ్బా తెచ్చారు. అలాంటి వాటిని హెల్త్ డ్రింక్స్ అన్న పేరు కింద పెట్టొద్దని 2024లో కేంద్ర వాణిజ్య శాఖే ఆన్‌లైన్ షాపులకి చెప్పింది, మా ఇంట్లో మాత్రం ఆ డబ్బా మందుల పక్కనే ఉండేది. ఇవన్నీ అయ్యాక యూట్యూబ్‌లో ఒకాయన పాలు విషం, మనిషి తప్ప ఏ జంతువూ పెద్దయ్యాక పాలు తాగదు అని గంటసేపు చెప్పిన వీడియో చూసి మా నాన్నని కూడా పాలు మానెయ్యమంది అమ్మ. హాయిగా అరిగించుకుంటున్న మనిషిని ఎందుకు మాన్పించాలి? మీరు ఓపీలో ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే ఆ గంట వీడియో మా ఇంట్లోకి వచ్చేది కాదు.

అందరికీ ఒకే చార్ట్ ఇవ్వడం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. మా వీధిలో ఒక బాబాయికి కిడ్నీల పనితీరు చూపించే క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. నీరసంగా ఉంటే బలానికని రోజూ అర లీటరు పాలు తాగుతున్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి పాలలో ఉండే ఫాస్ఫరస్ ఒంట్లో పేరుకుపోతుందని, ఎంత తాగాలో డాక్టర్‌ని అడిగి తాగాలని ఆయనకి తెలియదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల ఎంతోమంది కిడ్నీ పేషెంట్లు ఉన్న రాష్ట్రం మనది, అక్కడ "పాలు తాగండి" అన్న మాట ఎంత ఆలోచించి చెప్పాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ ఓపీలో రోజుకి వంద మంది ఉంటారని తెలుసు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరికితే గొప్ప. అందుకే పెద్ద పెద్దవి అడగట్లేదు. పాలు రాసే ముందు "పాలు మీకు పడతాయా, తాగితే కడుపు ఉబ్బుతుందా, మోషన్ అవుతుందా" అని మీరే నోరు విప్పి అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. పక్కన మనుషులుంటే కాస్త పక్కకి పిలిచి అడగండి, లేదా నర్సమ్మతో అడిగించండి, ఆవిడకైతే చెప్తారు. గ్యాస్ అన్నవాళ్ళకి మాత్ర రాసేముందు, ఎండోస్కోపీకి పంపేముందు, రెండు వారాలు పాలు ఆపి చూడమనండి, దానికి పైసా ఖర్చు లేదు. బరువు తగ్గడం, మోషన్‌లో రక్తం లాంటివి ఉంటే టెస్టులు చెయ్యాల్సిందే, అది వేరే సంగతి. డైట్ చార్ట్ తెలుగులో ఇవ్వండి, పాలు అని రాసిన ప్రతి చోటా పక్కన పెరుగు, మజ్జిగ అని కూడా రాయండి. థైరాయిడ్ మాత్ర రాసిన చీటీ మీద "పాలతో వద్దు" అని తెలుగులో రాయండి. మా అమ్మ మూడో తరగతి దాకానే చదివింది, కానీ తెలుగులో రాసింది ప్రతి అక్షరం చదువుతుంది, దాచుకుంటుంది, పక్కింటావిడకి కూడా చదివి వినిపిస్తుంది.

వచ్చే నెల మళ్ళీ బోన్ డెన్సిటీ టెస్ట్ ఉంది. మొదట కట్టు కట్టిన డాక్టర్ గారి దగ్గరికే వెళ్తున్నాం, ఆయన మీద అమ్మకి ఇప్పటికీ చాలా గౌరవం, చెయ్యి చక్కగా అతికించారని అందరికీ చెప్తుంది. తెనాలి నుంచి బస్సులోనే వెళ్దాం అంది ఈసారి. నిన్న ఫోన్‌లో "పాలు తాగుతున్నావా అని అడిగితే ఏం చెప్పనే" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. "నాకు పాలు పడవండి, పెరుగు తింటున్నాను" అని రెండు మూడు సార్లు పైకి అనుకుంది, ఆయన ముందు తడబడకుండా ఉండాలని. ఆవిడ చెప్పేలోపు మీరే అడగండి డాక్టర్ గారూ.

ఇట్లు,
తెనాలిలో ఉన్న ఒక అమ్మ కూతురు